ముక్కల మొగులయ్య, పైజామా నాడా

ఐదో తరగతిలో బడి మానేసిన నాలాంటివాడికి పేరు పెట్టడానికి గల్లీ ముహూర్తం చూడదు. పోయిన నెల ఒక కారు డ్యాష్‌బోర్డు మీది నాబ్‌ను స్క్రూడ్రైవర్‌తో లేపబోతే పటుక్కున విరిగింది. అంతే, మా ఇంటికి ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఇషాక్ నన్ను ‘ముక్కల మొగులయ్య’ను చేశాడు. చాంద్రాయణగుట్టలో నేను ఇరవై ఏళ్లు కార్ల వైర్లు సరిచేసిన సంగతి ఎవడికీ గుర్తులేదు.

ఆదివారం పొద్దున నేను పైజామాలో నిలబడి పళ్లు తోముకుంటుంటే, మా గల్లీలో బట్టలు కుట్టే షౌకత్ బీ తన పాత కారు తెచ్చి ఆపింది. డ్యాష్‌బోర్డు లైటు వెలగడం లేదట. బల్బు మార్చాలంటే ముందున్న పలక ఊడాలి. పలక ఊడాలంటే ఫ్యాన్ తిప్పే నాబ్ రావాలి. అది ముప్పై ఏళ్లుగా అక్కడే పాతుకుపోయింది.

"ఇది మల్ల దొరకదు. ఇరిగిందనుకో, ఈ గల్లీల ఇంకో కారు నీ దగ్గరికి రాదు భాయ్," అంది.

"ఆపా, సంచి తెచ్చుకున్నవా? ముక్కలు ఏరుకోవాలె గద!" హోటల్ నుంచి షౌకత్ బీకి ఇషాక్ కేక.

వేళ్లతో లాగితే కదల్లేదు. స్క్రూడ్రైవర్ తీశాను. షౌకత్ బీ నా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఒక్క పక్క లేపితే ఇరగదా? రెండు దిక్కుల సమంగ గుంజాలె. ఎనకాల తాడో నాడానో చుట్టు."

"కార్ల పని కుట్టుపనోళ్లు నాకు చెప్తరా?"

"చెప్పించుకుంటే ఆ పేరు వస్తుండెనా?"

తాడు ఆ సందులో దూరలేదు. వైరు పెడితే గీతలు పడతాయి. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఆమె చూపు మెల్లగా నా నడుము మీద ఆగింది.

"నేను కుట్టిన పైజామానే గద. నాడా గట్టిది."

చచ్చినట్టు కారులో కూర్చుని, తలుపు వేసుకుని, నాడా ఊడలాగాను. కూర్చున్నవాడి పైజామా ఎక్కడికి పోతుంది? నాబ్ వెనక నాడా దూర్చి, రెండు కొసలూ చేతులకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి తిన్నగా గుంజాను. టప్! ఒళ్లో పడింది. గీత లేదు, పగులు లేదు.

నెల రోజుల కసి ఒక్కసారిగా పొంగింది. బయటికి దూకి నాబ్‌ను రెండు చేతులా పైకెత్తాను.

"చూడుర ఇషాక్! ముక్కలైందా? కండ్లు తెరిచి మంచిగ చూడు!"

గల్లీ అంతా చూసింది. పైజామా అప్పటికే చీలమండల దగ్గరుంది. లోపల చారల నిక్కరు ఉంది కాబట్టి పరువు సగమే పోయింది.

షౌకత్ బీ దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నాబ్ సలామతే భాయ్. ముందుగాల నాడా ఎక్కించుకో."

సాయంత్రం హోటల్‌కి వెళ్తే ఇషాక్ ఎంతో మర్యాదగా కుర్చీ తుడిచాడు.

"రా అన్నా, కూసో. నాడా మొగులయ్యకు ఒక చాయ్!"

ముక్కల పేరైతే పోయింది. చక్కెర కొంచెం ఎక్కువ వేయమన్నాను.