చల్లారని కుండలు

సావూన్ పొద్దున్నే కుండ చుట్టూ తిరుగుతుంది. కంపోంగ్ ఛ్నాంగ్ ఊళ్లో కుమ్మరి ఆడవాళ్లకి సారెతో పనిలేదు. మట్టిముద్ద మొద్దు మీద కదలకుండా ఉంటుంది, మనిషే దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. అరవై దాటాక సావూన్ మోకాళ్లలో ఒకటే మంట. అడుగు తడబడి మూడు కుండల్లో ఒకటి వంకర పోయేది. వంకరది ఎవరు కొంటారు? కొనని కుండ చల్లారదు, ఆ ఊళ్లో అంతే. ఎవరైనా "ఇది నాక్కావాలి" అనుకునేదాకా ఆవం వేడి దాంట్లోనే ఉండిపోతుంది. స్తంభాల మీద లేపిన ఇంటికింద పోసిన ఆ వంకర కుండల కుప్పలో గుడ్లు పెడితే కోడి పొదగకపోయినా పిల్లలయ్యేవి.

"అత్తా, ఈ వంకర సంతని ఏట్లో పారెయ్యి. పైన ఎండ, కింద సెగ, మధ్యలో నేను వేగిపోతున్నా," అని నిండు కడుపుతో ఉన్న కోడలు కున్థియా రోజూ సణిగేది.

"పడుండనీవే. నేనూ వంకరదాన్నే, నన్నూ పారేస్తావా?"

వరదల్లో కున్థియాకి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. పుట్టిన పిల్ల గుప్పెడంత ఉంది, ఒళ్లు చల్లగా. బాలింత మంచం కింద నిప్పు పెడదామంటే ఎండుకట్టె ఒక్కటి లేదు. ఆసుపత్రికి పోదామన్నా ఆ గాలికి పడవ ఏట్లో దిగదు.

"వెచ్చగా ఉంచితేనే నిలుస్తుంది," అంది మంత్రసాని రీమ్.

సావూన్ నడుంలోతు నీళ్లలోకి దిగి వంకర కుండలు పైకందించింది. నీళ్లలో నానినా వేడి తగ్గలేదు. గుడ్డలు చుట్టి పిల్ల చుట్టూ పేర్చారు. కాసేపటికి పిల్ల కాళ్లాడించింది.

"నా బంగారు కుండ!" అని కున్థియా ఒకదాన్ని ముద్దు పెట్టుకుంది. అది టక్కున చల్లారిపోయింది.

"నోర్ముయ్యవే!" అని కసిరింది సావూన్. "కావాలనుకుంటే చల్లారిపోతాయి. తిట్టు!"

తొమ్మిది రోజులు తిట్లే తిట్లు. "ఏం వంకర మూతి నీది, చూస్తే అన్నం సహించదు," అని కున్థియా కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిట్టేది. రీమ్‌కి తిట్టడం అలవాటే, ఆవిడ దంచేసేది. అయినా మనసు దాగుతుందా? రోజుకి రెండో మూడో చల్లబడేవి.

పదో రోజుకి ఒక్క సొట్టకుండ మిగిలింది. ఆ పొద్దున పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, కడుపునిండా పాలు తాగింది. పాదాలు పట్టి చూస్తే వాటికవే వెచ్చగా ఉన్నాయి.

"ఇంక చెప్పనా అత్తా?"

"చెప్పవే తల్లీ."

కున్థియా సొట్టకుండని ఒళ్లోకి తీసుకుంది. "నీ రుణం తీర్చుకోలేను. నువ్వు నాక్కావాలి." కుండ మెల్లగా చల్లారింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వూ కావాలి."

సావూన్ మోకాళ్లలో ఏళ్లుగా రగిలే మంట ఆ మాటతో చల్లారింది.

వరద తీశాక సొట్టకుండ మనవరాలి స్నానానికి కుదురుకుంది. సావూన్ చేతిలో ఇప్పుడు ఏ కుండా వంకర పోదు. ఊళ్లో ఎవరైనా నీళ్లోసుకున్నారని తెలిస్తే మాత్రం నాలుగు పచ్చి కుండల్ని చేత్తో నొక్కి సొట్టపెట్టి, కాల్చాక "ఛీ, ఎందుకూ పనికిరావు" అని గట్టిగా తిట్టి పక్కన పెడుతుంది.