తువ్వాలు కింది న్యాయం

ఆత్మకూరు పశువుల సంతలో ధర నోటితో చెప్పం. అమ్మేవాడి దళారి, కొనేవాడి దళారి తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరం తేలుస్తారు. లోపల ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుసు. ఈ పద్ధతిలో నేను బాగానే బతికాను. తోటి దళారి ఓబుళేశు నాకంటే బాగా బతుకుతున్నాడు. బండిలోంచి ఎద్దు దిగకముందే రైతులు అతన్ని వెతుక్కుంటారు. నా కమీషను తక్కువ, నా మాట తీపి. అయినా అతనికి తీరిక లేనప్పుడే నా దగ్గరికొస్తారు.

కర్నూలులో ఫిలాసఫీ చదివే నా కూతురు సాహితి సెలవుల్లో సంతకు తోడొచ్చింది. తువ్వాలు చూడగానే పాత గ్రీకుల కథ ఒకటి చెప్పింది. గొర్రెల కాపరి ఒకడికి ఉంగరం దొరికిందట. తిప్పితే మనిషి కనిపించడు. ఇక వాడు చేయని పాపం లేదు. ఎవరూ చూడనప్పుడు కూడా ధర్మం తప్పనివాడు ఉంటాడా అని అక్కడి పండితులు వాదించుకున్నారట. ఉండడన్నాను.

"ఓబుళేశు మామ ఉండాడు గదా నాయనా," అంది.

ఆ మాట నాకు అన్నం సహించనివ్వలేదు. మరుసటి సంతలో కొనేవాడి తరఫున కూర్చుని, అమ్మే రైతు తరఫున వచ్చిన ఓబుళేశు అరచేతిలో గోరుతో గీశాను. రైతుకు తక్కువ చెప్పి మిగిలింది పంచుకుందామని ఆ గీతకు అర్థం. అది ప్రతి దళారికీ తెలుసు. అతను నా వేలిని మెల్లగా మడిచి వెనక్కి నెట్టాడు. ముఖం మాత్రం మారలేదు.

ఆ నెలలోనే సంత తగాదాలు తీర్చే సుబ్బయ్య, వయసు మళ్లిందని తప్పుకున్నాడు. ఆ పెద్దరికం నేను కోరుకున్నాను. ఓబుళేశు కోరలేదు, జనమే అతని పేరు చెప్పారు. అతనూ చాటుగా రైతుల డబ్బు తింటాడని ఎవరో పుకారు లేపారు. సుబ్బయ్య అందరిముందూ నన్నే అడిగాడు.

"ఏమప్పా, వాని చేతిలో చెయ్యి పెట్టినోడివి. వాడు శుభ్రమేనా?"

ఎవరికి తెలుసు అంటే చాలు, పెద్దరికం నాదే. కానీ సాహితి పక్కనే ఉంది. ఊరంతా దొంగ అన్నా ధర్మం వదలనివాడే అసలు ధర్మాత్ముడని, పదవి వద్దనేవాడి చేతికే రాజ్యం ఇవ్వాలని ఆ గ్రీకులు తేల్చారని పొద్దునే చెప్పింది. లెక్క వేసుకున్నాను. ఇప్పుడు అతన్ని దొంగను చేస్తే నా కూతురి కళ్లలో దేవుడైపోతాడు. పెద్దరికమైనా పోనీ, అది మాత్రం వాడికి ఇవ్వలేను.

"శుభ్రమే. నేను గీకితే నా వేలు మడిచి పెట్టినాడు," అన్నాను.

"అయితే గీకేది నువ్వా మామా?" అన్నాడు ఈరేష్ అనే కుర్ర దళారి. నవ్వులు లేచాయి. పరీక్షకే గీకానని చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఓబుళేశు పెద్దయ్యాడు. మొదటి తీర్పు నామీదే. ఉగాది దాకా నా బేరాలన్నీ తువ్వాలు లేకుండా, రైతుకు వినబడేలా నోటితో చెప్పాలి. గొంతు కూడా పెంచకుండా చెప్పాడు.

ఇంటికొచ్చే దారిలో, ఆ తీర్పు న్యాయమేనా అని సాహితిని అడిగాను. న్యాయమే అంది. కనీసం కాస్త ఆలోచించి చెప్పాల్సింది.