కొంగ మెడలోని కుట్టు

బ్లేడు కింద దారం తెగింది... టప్.

ఇంకొకటి. టప్.

తెల్లని కొంగ పొట్ట నా ఒళ్ళో తెరుచుకుంటోంది. కిటికీలోంచి గాలి వచ్చింది. లోపలి దూది కాస్త పొంగింది, కాస్త ఎగిరింది, వచ్చి నా పెదవికి అంటుకుంది.

ఉమ్మేశాను. ఆవిడ దూది నా నోట్లోకి రానివ్వను.

ఈ కొంగను కుట్టింది మేడమ్. అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. చేత్తో మెత్తని బొమ్మలు కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు లేరని కూడా అంటారు. ఎనిమిదేళ్ళు ఆవిడ గదిలో నేల మీద కూర్చుని కుట్టినదాన్ని — నేనూ అదే అంటాను. పళ్ళు నూరుతూ అంటాను.

"కొనుక్కొచ్చిన బొమ్మని కోస్తున్నావేమిటే? కూరకా?" అంది అత్తయ్య, గుమ్మంలో నిలబడి.

ఇంకో దారం కోశాను. అత్తయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

సోమవారంలోగా నా జిరాఫీ నిలబడాలి.

పెద్ద బొమ్మల దుకాణంవాళ్ళు అడిగారు — ఎవరిదీ చూసి చేయనిది, నా సొంత బొమ్మ ఒకటి. నచ్చితే దాని చెవికి నా పేరున్న చీటీ కడతారు. ఎనిమిదేళ్ళలో నేను కుట్టిన ప్రతి చెవికీ మేడమ్ పేరే వేలాడింది. ఏనుగు చెవికి ఆవిడ పేరు. కుందేలు చెవికి ఆవిడ పేరు. ఒక్క చెవికి... ఒకే ఒక్క చెవికి నా పేరు వేలాడాలి. నాకు కావలసింది అంతే.

జిరాఫీ బాగానే కుదిరింది, మెడ తప్ప.

మొదటి రోజు నిటారుగా ఉంటుంది. మర్నాటికి సగం వాలుతుంది. మూడో రోజుకి, ఎవరో చివాట్లు పెట్టినట్టు తల దించుకుంటుంది. దూది మార్చాను. ఇంకా కూరాను. కుట్లు నోళ్ళు తెరిచాయి. మెత్తని బొమ్మకు పొడుగు మెడ పెడితే ఇంతేనని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

మరి ఆవిడ కొంగ?

నేను అక్కడ మానేశాక వచ్చింది. రెండేళ్ళుగా దుకాణాల అద్దాల బీరువాల్లో నిలబడే ఉంది. మెడ వెంట్రుకవాసి కూడా వాలలేదు. ఆ మెడ పని మాత్రం ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వదట. తలుపు వేసుకుని తనే చేస్తుందట.

అందుకే కొన్నాను. అందుకే కోస్తున్నాను.

ఇందులో సిగ్గేముంది? ఇంకొకరి పని చూడకుండా ఎవరికి పని వచ్చింది? నా జిరాఫీ మచ్చలు ఎవరో తీసిన ఎండిన మడుగు ఫోటోలోవి — పలకలు పలకలుగా పగిలిన బురద. తోక వంపు ఒక కుమ్మరి చేసిన కూజా పిడిది. అన్నీ గోడకు అంటించుకున్నాను. పొద్దున్నే లేచి వాటినే చూస్తాను. నేను తీసుకుంటే దాన్ని ప్రేరణ అంటాను.

గాలి మళ్ళీ వచ్చింది. దూది గదంతా లేచింది.

కొంగ మెడలోకి వేలు పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. పట్టుకుని లాగాను.

సన్నని గొట్టం. ముతక టెంటు గుడ్డ. లోపల చిన్న చిన్న గుడ్డ పీలికలు కూరి ఉన్నాయి. గుడ్డను ఏటవాలుగా చుట్టి కుట్టారు. కర్రను పట్టుకుని ఎక్కే తీగలా ఆ కుట్టు చుట్టూ తిరుగుతూ పైకి పోయింది.

ఎడమవైపుకి.

నా చేతులు ఆగిపోయాయి.

మేడమ్‌ది కుడిచేతి వాటం. కుడిచేతి మనిషి గుడ్డను అటు చుట్టదు. చుట్టాలంటే మణికట్టు మెలిపెట్టుకోవాలి. అటు చుట్టేది ఎడమచేతి మనిషి. ఆ గదిలో ఎడమచేత్తో కుట్టేదాన్ని నేనొక్కదాన్నే.

ఈ గొట్టం నాది.

నాలుగేళ్ళ క్రితం, ఒక బాతు మెడ కోసం చేశాను. ఎవరూ చెప్పలేదు. ఏ ఫోటోలోనూ చూడలేదు. బయట వాన పడుతోంది. పని లేక గుడ్డ ముక్కను వేలికి చుట్టుకుంటూ కూర్చుంటే తట్టింది. పరుగున తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ దాన్ని బాతు మెడలోంచి రెండు వేళ్ళతో బయటికి లాగింది. అందరూ చూసేలా పైకెత్తింది.

"బాతు చేత రోకలి మింగించావేమే!"

గదంతా ఒకటే నవ్వు.

ఉతికితే కుళ్ళిపోతుందంది. పిల్లలకు గుచ్చుకుంటుందంది. ఆవిడ మాట కదా, నమ్మాను. గొట్టాన్ని ఆవిడ బల్ల మీదే వదిలేసి వచ్చి నా చోట్లో కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి. ఆ ఆలోచనను మళ్ళీ దగ్గరికి రానివ్వలేదు. జిరాఫీ తల వాలిన ప్రతిసారీ అది గుమ్మం దాకా వచ్చింది. ప్రతిసారీ నేనే తరిమేశాను.

ఇప్పుడు దీన్ని జిరాఫీ మెడలో పెడితే? దుకాణంవాళ్ళు కొత్త బొమ్మను విప్పి చూడకుండా తీసుకోరు. మేడమ్ కొంగను చూసి కాపీ కొట్టిందంటారు. నాది నేను తీసుకున్నా దొంగనే అవుతాను.

కోసిన కొంగను సంచీలో కుక్కుకుని బయల్దేరాను. దారంతా ఎదురుగాలి. దారంతా తిట్లు పేర్చుకున్నాను — ఏది ముందు, ఏది తర్వాత, ఏ మాటకు ఆవిడ ముఖం మాడిపోవాలి...

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకుంటోంది. కొంగను ఆవిడ ముందు పడేశాను. తిప్పి చూసింది.

"శుభ్రంగా కోశావే. నేర్పినట్టే కోశావు."

"ఈ గొట్టం నాది."

"నీదే."

పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ పనికి రాలేదు.

"మరి ఆ రోజు అంతమందిలో నన్ను చూసి ఎందుకు నవ్వారు?"

"నవ్వకపోతే పట్టుకుపోయేదానివిగా," అంది దారం కొరుకుతూ.

ఆ గొట్టాన్ని ఆవిడ గొంతులో కుక్కాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

"కుడికి చుట్టినా నిలబడుతుంది, మేడమ్," అన్నాను. "ఎటు చుట్టినా ఒకటే. నాది ఎడమచెయ్యి కాబట్టి అటు తిరిగింది. అది కూడా తెలియకుండా చుట్టారా?"

సూది ఆగింది.

ఆవిడ తన కుడి మణికట్టును చూసుకుంది. దాని చుట్టూ బిగుతుగా కట్టు ఉంది. రెండేళ్ళ కొంగలు... రెండేళ్ళ నొప్పి. నాకు సంతోషం కలిగింది. నీచమైన సంతోషమే. దాచుకోను.

ఆవిడ తలెత్తింది.

"దుకాణంవాళ్ళకి జిరాఫీ చేస్తున్నావటగా. దానికి కళ్ళెలా కుట్టావు?"

నేను గొట్టాన్ని తీసుకుని సంచీలో పెట్టుకున్నాను.

"తల వెనక నుంచి సూది దింపి, దారం బిగించి, పూసను గుంటలోకి లాగావు. చూపు బతికి వస్తుంది. అది నేను కనిపెట్టింది. నన్ను అడిగి తీసుకున్నావా?"

కొంగను అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. గొట్టాన్ని మాత్రం వదల్లేదు. అలాంటిదే ఇంకొకటి, జిరాఫీ మెడకు సరిపడా, ఎడమకే చుట్టి కుట్టాను. ఎవరేమనుకున్నా సరే, నాది నాకు కావాలి. మెడ నిలబడింది. మర్నాడూ నిలబడింది. మూడో రోజూ నిలబడింది.

అప్పుడు బ్లేడు తీసి రెండు కళ్ళూ కోసేశాను. ఆవిడది నాకొద్దు.

జిగురుతో అంటించి చూశాను — చొక్కా బొత్తాల్లా ఉన్నాయి. దారంతోనే కుట్టి చూశాను — నిద్రమొహం. గోడ మీది ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాను. పగిలిన బురదకు కళ్ళు లేవు. కూజాకు కళ్ళు లేవు.

రేపే సోమవారం.

అత్తయ్య వచ్చి జిరాఫీని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ ఊపి చూసింది.

"మెడ భలే నిలిచిందే! కళ్ళేవి మరి?"

"పెడతాను."

"ఇంకెప్పుడే? గుడ్డిదాన్ని పంపిస్తావా?"

దాన్ని నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. కిటికీలోంచి గాలి వస్తోంది. రెండు నల్లపూసలు అరచేతి చెమటలో జారుతున్నాయి. మేడమ్ అంటే నాకు అసహ్యం. ఈ మాట పైకే అన్నాను, ఎవరూ లేని గదిలో.

సూదికి దారం ఎక్కించాను.

చెయ్యి తనంతట తనే జిరాఫీ తల వెనక్కి పోయింది.