వాన ఏ తేదీది?

బాలచంద్ర పోయి మూడు నెలలైంది. ఆయన రోజూ వాన కొలిచి రాసిన పుస్తకాలు తీసుకుపోయిన జాహ్నవి ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్‌తో చంద్రగిరికి వచ్చింది. ఒకప్పుడు ఆయన భార్య లోకేశ్వరి దగ్గర బడిలో సైన్సు చదువుకున్న పిల్ల. ఇప్పుడు తిరుపతిలో వానల మీద పరిశోధన చేస్తోంది.

"టీచర్, సార్ లెక్కను కంప్యూటర్ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల వాన కొలిచే కేంద్రాలతో, ఉపగ్రహం లెక్కతో పోల్చి చూసినాము. ఇరవై ఒక్క ఏండ్లూ వాన ఒక రోజు ముందే పడినట్టు ఉండాది."

"ఆయన ఒక్కరోజు కూడా కొలవకుండా మానలేదే!"

"మానలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచింది ఆ పొద్దటి తేదీ కింద రాయాల. సార్ ముందురోజు కింద రాసినారు."

"వాన కురిసింది ముందురోజే కదా?"

"కురిసింది ముందురోజే. లెక్కలో మాత్రం మర్నాటిది. పరీక్షలో ఇట్ల రాసుంటే మీరే సున్నా ఏసుందురు."

నవ్వాలో వద్దో లోకేశ్వరికి తెలియలేదు.

"అంతే అయితే ఒకరోజు జరిపేస్తాం టీచర్. కానీ పోయిన జులై మూడు నుంచి చివరి నాలుగు నెలలు తేదీలన్నీ సరిగ్గా ఉండాయి. అప్పుడే కొలిచే మనిషి మారినాడంటాది కంప్యూటర్. చూస్తే చేతిరాత ఒకటే. కారణం తెలీకుంటే మొత్తం పక్కన పెట్టేయమంటున్నారు మా గైడు."

జులై మూడున బాలచంద్ర మంచం దిగలేకపోయాడు. "ఆ పుస్తకంలో ఇంకో చెయ్యి పడిందని ఎవరికీ తెలియగూడదు," అన్నాడు. లోకేశ్వరి ఆయన అంకెల వంపులు నేర్చుకుంది. వర్షమాపకం చూసివచ్చాక ఆయన "ఎంత?" అని మాత్రమే అడిగేవాడు. ఆమె కొలిచిన రోజు తేదీ కిందే రాసేది; ఏ తేదీ అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పక్కనున్న తనకే ఆయన పొరపాటు తెలియలేదు. చేతిరాతైనా చూడని యంత్రం, చెయ్యి మారిన రోజును ఎలా పట్టుకుంది? పరిశీలించి తెలుసుకోవడమే సైన్సని పిల్లలకు చెప్పే మనిషికి, ఇందులో పరిశీలించింది ఎవరో అర్థం కాలేదు.

"నా నాలుగు నెలలు తీసేసి, ఆయనవి ఉంచగూడదా?"

జాహ్నవి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మీవా టీచర్?"

లోకేశ్వరి ఆయనకిచ్చిన మాట దాటింది. దాటకుంటే ఇరవై ఒక్క ఏండ్లూ పోయేవి. ఇప్పుడు తను చెప్పబట్టి ఆయన తప్పు ఖాయమైందా, లేక పుస్తకం నిలిచిందా?

"కారణం రాసేదా?" అడిగింది జాహ్నవి.

"రాయి," అంది. మళ్ళీ, "తప్పు అనే మాట లేకుండా రాయి," అంది.