చేపలు వినని మాటలు

ఆ గదిలో మాటకు ప్రతిధ్వని లేదు.

గోడల నిండా మెత్తటి నురగ దిమ్మలు. నేలమీద మందపాటి తివాచీ. తలుపు మూస్తే చాలు, వీధి చచ్చిపోయేది. మిగిలేది ఒక మైకు, ఒక ఎర్ర దీపం, ఆరని గుడ్డ వాసన... గట్టిగా దగ్గినా ఆ దగ్గు గొంతు దగ్గరే కూలబడిపోయేది.

అక్కడ కూర్చుని ఆయన చేపల గురించి చెప్పేవాడు.

ఆదివారం పొద్దున. ఊరి రేడియోలో. ఊరంతా ఆయన్ని గాలం బాబాయ్ అనేది.

ఉద్యోగమున్నన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేశాడు. చీకటి గోతుల్లో, గ్రీజు చేతులతో. సెలవు దొరికితే ఏటి ఒడ్డు. రిటైరయ్యాక రోజూ ఏటి ఒడ్డే. గాలం వేయడంలో ఆయనకు తెలియనిది తక్కువ. తెలిసింది చెప్పడంలో మొహమాటం — అసలే లేదు.

"ముడి బిగించేముందు నోట్లో పెట్టి తడపండి. పొడి ముడి పుటుక్కున తెగుతుంది. తెగాక మీరు ఎంత ఏడ్చినా ఆ తడి పనికిరాదు."

"ఎండ వీపు మీద పడేట్టు నిలబడకండి. మీ నీడ నీళ్ళలో పడితే చేపకి మీరు స్కూలు ఇన్‌స్పెక్టర్‌లా కనిపిస్తారు. బెంచీ కింద దూరిపోతుంది."

"వానపాముల్ని తడిమట్టిలో వేసి నీడన పెట్టుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. నేను పెట్టి చూశాను. ఆ పూట చేపకీ తిండి లేదు, నాకూ లేదు."

అద్దానికి అవతల అనౌన్సర్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. బాబాయ్ అని మొదట పిలిచింది ఆ అమ్మాయే.

ఆ నవ్వు కోసమే ఆయన ఆదివారం దాకా బతికేవాడు.

ఆ నవ్వు మొదట ఎలా వచ్చిందో ఆయనకు బాగా గుర్తు.

మొట్టమొదటి వారం. ఎర్ర దీపం వెలిగింది. గాలం కొక్కెం సైజుల గురించి ఏదో చెప్పాడు, దారం మందం గురించి ఏదో చెప్పాడు. అద్దం అవతల ఆ అమ్మాయి గడియారం వైపు చూసింది. మునిగిపోతున్నవాడు చేతికందిన కొమ్మ పట్టుకున్నట్టు — నోటికందిన మాట పట్టుకున్నాడు.

"అన్నిటికంటే ముఖ్యం, ఒడ్డు మీద మాట్లాడకూడదండీ. మా ఆవిడ పక్కన కూర్చుని నోరు విప్పిందంటే, చేపలు పిల్లాజెల్లా పుట్టింటికి పోతాయి."

అమ్మాయి పకపకా నవ్వింది.

ఫోన్లు మోగాయి.

అంతే. ఆయన ఎన్నో చేపల్ని పట్టాడు. ఆయన్ని ఆ నవ్వు పట్టింది.

మరుసటి వారం ఆవిడకు పేరు పెట్టాడు. "మా ఇంటి సైరన్."

ఆ తర్వాతి వారం — "నిన్న ఒక చేప తనంతట తానే గాలానికి తగులుకుందండీ. ఏమమ్మా, ఏం కష్టమొచ్చింది అన్నాను. సైరన్ మోగుతోంది బాబాయ్, త్వరగా పైకి లాగెయ్ అంది."

వారం వారం. ఏళ్ళ తరబడి. బస్సులో వస్తూ కొత్త సైరన్ జోకు అల్లుకునేవాడు, తనలో తాను నవ్వుకునేవాడు. పక్క సీటువాళ్ళు అనుమానంగా చూసేవారు.

ఇంట్లో ఫ్రిజ్ మీద రేడియో ఉండేది.

"విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆయన కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు. ఆవిడ వడ్డించేది. పళ్ళెం చప్పుడు, గ్లాసు చప్పుడు...

ఇంకే చప్పుడూ ఉండేది కాదు.

ఉండేది కాదని ఆయన గమనించనేలేదు.

*

రేడియోవాళ్ళు వార్షికోత్సవం పెట్టారు. పెద్ద హాలు, కుర్చీలు, శ్రోతలకు ఆహ్వానం. "బాబాయ్, ఆంటీని తీసుకురాకపోతే గేటు దగ్గరే ఆపేస్తాం," అంది అనౌన్సర్ అమ్మాయి.

"నేనెందుకండీ," అంది ఆవిడ.

"అందరూ నిన్ను చూడాలంటున్నారే!"

ఆవిడ బీరువాలోంచి మంచి బట్టలు తీసింది. మడతల గీతలు పోకపోతే చేత్తో నిమురుకుంది. బస్సులో కూడా నిమురుకుంటూనే ఉంది.

ఆయన స్టేజీ ఎక్కాడు. చెప్పాడు. హాలు నవ్వింది. నురగ దిమ్మల గదిలో ఒక్క గొంతు నవ్వేది — ఇక్కడ వందల గొంతులు. ఆయన పాదాలు నేలమీద ఆనలేదు.

"ఇప్పుడు... మీరంతా ఎదురుచూస్తున్న మన సైరన్ గారు!" అంది అనౌన్సర్ అమ్మాయి.

చప్పట్లు. ఈలలు. వెనక వరసలో ఎవరో నోటితో సైరన్ మోగించారు. పక్కవాడు అందుకున్నాడు. ఆ పక్కవాడు... హాలంతా ఒక్కసారిగా ఊళ పెట్టింది.

ఆ ఊళ మధ్యలోంచి ఆవిడ మెట్లెక్కింది. నెమ్మదిగా. బట్టల మీది గీత నిమురుకుంటూ.

"సైరనక్కా!"

హాలు మధ్యలో ఒకాయన లేచి చెయ్యి ఊపాడు. ఆవిడ పనిచేసే యూనిఫాం షాపులో కటింగ్ మాస్టరు. ఆవిడ అక్కడ కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది.

ఆ పిలుపుకి ఆవిడ అటు తిరిగింది. చిన్నగా నవ్వింది.

ఆయన చూశాడు. అది కొత్త పేరు విన్న మనిషి నవ్వు కాదు. పేరు పెట్టి పిలిస్తే పలికే మనిషి నవ్వు.

ఆ పేరుకి ఆవిడ పలుకుతోంది.

ఎప్పటి నుంచి పలుకుతోంది?

"ఒక్క మాటండీ ఆంటీ! భయపడకండి, ఇక్కడ చేపలు లేవు!" అనౌన్సర్ అమ్మాయి మైకు ఇచ్చింది.

ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు.

"నాకు... పెద్దగా మాట్లాడటం రాదండి."

హాలు పగలబడి నవ్వింది. కుర్చీలు కదిలాయి. ఎవరికో పొలమారింది. ఆ ఏడాదికి అంతకుమించిన జోకు లేదు.

ఆయన కూడా నవ్వాడు.

అలవాటు. నవ్వు తగిలితే నవ్వే అలవాటు. ఆయన చేతిలో ఇంకో మైకుంది. ఆ నవ్వు హాలు నాలుగు మూలల నుంచీ పెద్దదై, ఆయన దగ్గరికే తిరిగొచ్చింది.

ఆవిడ తల తిప్పి చూసింది. కోపంగా కాదు. ఊరికే — ఎవరిదో చూద్దామన్నట్టు.

*

టీ దగ్గర కటింగ్ మాస్టరు వెతుక్కుంటూ వచ్చాడు. మంచి మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఎంత మంచి పేరు పెట్టారు సార్ అక్కకి! షాపులో అందరం అదే పిలుస్తాం. అక్క పొద్దున వచ్చి సాయంత్రం పోయేదాకా పెదవి విప్పదు. అలాంటావిడ సైరనేంటి! అదే కదండీ తమాషా."

"పెదవి విప్పదా?"

"మీకు తెలీదేంటి సార్? మొదట్లో ఏదైనా చెప్పబోయేది. నోరు తెరిచేసరికి మావాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు... సరదాకే లెండి. తర్వాత్తర్వాత ఆవిడే మానేసింది."

టీ చల్లారిపోయింది. ఆయన తాగాడు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. దీపాలు ఆవిడ మొహం మీదుగా వెళ్ళిపోతున్నాయి.

ఆయన చెవులు మండుతున్నాయి. మెడ మండుతోంది. ఎంత విప్పినా చొక్కా గుండీ ఇంకా బిగుస్తున్నట్టే ఉంది.

ఒకప్పుడు ఆవిడ ఏటికి వచ్చేది. ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, కాళ్ళు చాపుకుని, చెప్పేది. ఏమేం చెప్పేదో! ఒకసారి బ్యాండుమేళం వాళ్ళ ప్యాంట్లన్నీ షాపువాళ్ళు తిరగేసి కుట్టారు. జేబులు బయట. వాళ్ళు అలాగే తొడుక్కుని ఊరేగింపులో నడిచారు. బాకా ఊదేవాడికి జేబురుమాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక... ఆవిడ లేచి నడిచి చూపించింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతుంటే గాలపు కర్ర వంగింది.

ఆయన జన్మలో పట్టిన అతి పెద్ద చేప అదే.

ఆవిడ మాట్లాడుతుండగా పడింది.

ఒడ్డు మీది మాట నీళ్ళలోకి పెద్దగా దిగదు. అడుగుల అదురు దిగుతుంది. ఇది గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆయనకు అందరికంటే బాగా తెలుసు. తెలిసే చెప్పాడు. ప్రతివారమూ తెలిసే చెప్పాడు.

రేడియోలో మొదటి జోకు వేసిన మర్నాడు ఆవిడ ఆ పట్టా చుట్టి అటక మీద పెట్టింది. "మోకాళ్ళ నొప్పా?" అన్నాడు. "ఊఁ," అంది.

నమ్మాడు.

కాదు... నమ్మితే సుఖంగా ఉండింది.

*

మరుసటి ఆదివారం ఎర్ర దీపం వెలిగింది.

"ఇవాళ ఒక సంగతి చెప్పాలి," అన్నాడు. "ఒడ్డు మీద మాట్లాడితే చేపలు పారిపోవు. నడిస్తే పారిపోతాయి. ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధం. మా ఆవిడ మాటలకి ఒక్క చేపా పోలేదు. ఆవిడ మాట్లాడుతుంటేనే నాకు పెద్ద చేప పడింది. నేనే... సిగ్గులేకుండా..."

అద్దం అవతల ఆ అమ్మాయి అప్పటికే పొట్ట పట్టుకుంది.

"అయ్యో బాబాయ్! ఇంట్లో అట్లకాడ ఎత్తారా ఏంటి? శ్రోతలారా, సైరన్ గారు గెలిచారు!"

ఫోన్లు మోగాయి. ఎప్పుడూ లేనన్ని మోగాయి. వీపుకి మందు రాసుకోమని ఒకరు. రాత్రి బయటే పడుకున్నావా అని ఒకరు. ఆయన "కాదండీ, నిజంగానే," అంటున్నకొద్దీ నవ్వు పెరిగింది. "నిజంగానే" అన్న మాటకే అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ గదిలోంచి ఆయన ఏం పంపినా అవతలి వైపు నవ్వుగానే చేరుతుంది. ఆ దారి వేసింది ఆయనే.

ఇంటికి వచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. రేడియో కట్టేసి ఉంది.

"విన్నావా?"

"విన్నాను."

"ఇవాళ నిజమే చెప్పాను."

ఆవిడ దారం కొరికింది. చొక్కా మడిచింది. మడత మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"మళ్ళీ నా ఊసే ఎత్తారుగా," అంది. "మంచో చెడో... నన్ను వాళ్ళ ముందు పెట్టకుండా ఉండలేరా మీరు?"

ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోవాలని తోచలేదు. క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట నోట్లో తిప్పి చూసుకున్నాడు — అదీ ఎవరైనా వినాలని చెప్పే మాటలాగే ఉంది. మింగేశాడు.

ఆవిడ సూది గుచ్చి పెట్టి వంటగదిలోకి వెళ్ళింది.

రేడియో మానేశాడు. "ఎందుకు బాబాయ్? ఆంటీ వద్దన్నారా?" అంది ఆ అమ్మాయి. "లేదమ్మా. ఆవిడ ఏమీ అనలేదు. నాకే చాలు," అన్నాడు. ఇప్పుడు ఆ వేళకి కుండీల్లో మొక్కల గురించి ఎవరో చెబుతున్నారు.

ఆయన మానేసినా అది మానలేదు.

కూరగాయల కొట్టు దగ్గర, బస్సులో, మందుల షాపులో — "ఏం బాబాయ్, సైరన్ మోగుతోందా?" ఆయనకు తెలియని మనుషులు. ఆవిడకు తెలియని మనుషులు. పడిన చేపనైతే కొక్కెం తీసి నీళ్ళలోకి వదిలేయొచ్చు. మాటని ఎక్కడ పట్టుకుంటాడు? ఎవరి నోట్లోంచి తీస్తాడు?

ఇంట్లో నెమ్మదిగా నడవడం నేర్చుకున్నాడు. ఆవిడ షాపు నుంచి వచ్చేసరికి గిన్నెలు కడిగి పెట్టేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఆవిడ కూడా ఏమీ చెప్పేది కాదు.

షాపు సెలవురోజు ఒకటి వచ్చింది. గాలపు కర్ర తీసుకుని గుమ్మం దాటబోతున్నాడు.

"ఉండండి," అంది.

చెప్పులు వేసుకుని వచ్చింది.

ఏరు బూడిద రంగులో ఉంది. గాలి లేదు. ఆవిడ కాస్త ఎడంగా ఒక రాయి చూసుకుని కూర్చుంది. ఆయన గాలం వేశాడు. నీళ్ళ మీద తేలే బెండు ఒకసారి ఊగి, నిలబడింది.

పక్కకు చూడలేదు. చూస్తే ఆవిడ లేచిపోతుందేమోనని.

అవతలి ఒడ్డున ఒకాయన వచ్చి సంచీ దించాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు. గుర్తుపట్టాడు.

"ఓ బాబాయ్! సైరన్‌ని వెంటబెట్టుకొచ్చావా! ఇక మాకు చేపలు లేనట్టే!"

నవ్వాడు. పెద్ద నవ్వు, కల్మషం లేని నవ్వు. నీళ్ళ మీదుగా ఇవతలికి వచ్చింది. వచ్చి, ఎప్పటిలాగే, ఆయన నవ్వు కోసం ఆగింది.

ఆయన మొహం అదివరకు నవ్వడానికి అలవాటుపడిన చోటల్లా మండింది.

నవ్వలేదు.

అవతలాయన ఇంకాసేపు నవ్వి చూశాడు. ఒంటరిగా నవ్వడం కష్టం. ఆ నవ్వు సన్నబడింది... ఎక్కడో ఏటి మధ్యలో పడిపోయింది.

రాయి మీద ఆవిడ కదిలింది. ఆయన వైపు తిరిగింది. చూస్తోంది — ఆయనకు తెలుస్తోంది, చెంప మీద ఎండ తెలిసినట్టు. ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. మాటకు ముందు తీసుకునే ఊపిరో... ఊరికే తీసుకున్నదో...

బెండు ఒకసారి వణికింది. మునిగింది.

ఆయన లాగలేదు.