బయట బీగం

ధర్మవరంలో ఆ చివరి వీధివాళ్ళకు గడియారంతో పని లేదు. మగ్గాలు మొదలైతే తెల్లవారినట్టు. ఉన్నట్టుండి ఆగితే కొత్తమనిషి ఎవరో వీధిలోకి వచ్చినట్టు.

ఆ పొద్దున కల్పన చీకటుండగానే లేచి కిటికీ పక్కన కూర్చుంది. మడమకు పట్టీ ఉంది. విదేశంలో ఆడుతూ కాలు మడతపడి, నయమయ్యేదాకా ఉండిపోదామని ఇంటికి వచ్చింది. లేవగానే దొడ్లోకి పోవాలనిపించింది గానీ పోలేదు. ఏడు దాటేదాకా పోదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజూ ఇదే వరస.

షటిల్ సింగిల్స్‌లో పైమెట్టు చేరినవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. రోజులో ఒక గంట ఫలానా చోట ఉంటామని ముందే ఫోన్‌లో రాసిపెట్టాలి. ఒంట్లో బలం పెంచే మందేమైనా ఉందేమో చూడటానికి ఆ గంటలో ఎవరైనా చెప్పాపెట్టకుండా వచ్చి మూత్రం పట్టుకుపోవచ్చు. వచ్చినప్పుడు మనిషి లేకపోతే అదొక తప్పు. ఏడాదిలో మూడు తప్పులు పడితే మందు తిన్నవాళ్ళతో సమానంగా వెలి. కల్పనకు రెండు పడ్డాయి. ఒకసారి రైలు ఆలస్యమై హాస్టల్‌కు చేరలేకపోయింది. ఇంకోసారి నల్లమాడ దగ్గర పెద్దమ్మ ఇంట్లో సిగ్నల్ లేక, చోటు మార్చినట్టు రాయలేకపోయింది. మూడోది పడితే ఇరవై ఆరేళ్ళ వయసులో రెండేళ్ళు కూర్చోవాలి. సింగిల్స్‌లో రెండేళ్ళు కూర్చున్న కాళ్ళు మళ్ళీ లేవవు.

అందుకే ఆమె ఆరు నుంచి ఏడు దాకా గడప దాటదు. ఈ సంగతి కోచ్ దేవేంద్ర సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మందు పరీక్ష అని ఇంట్లో చెబితే, ఆ మాట హనుమంతమ్మ టీ బంకు చేరేసరికి మందు తింటుందంట అని మారుతుంది. అక్కడి నుంచి దాన్ని వెనక్కి తెచ్చేవాళ్ళు ఉండరు.

తల్లి సువర్ణ గ్లాసుతో వచ్చింది.

"రాత్రంతా దగ్గుతాండావు. కషాయం తాగు."

"వద్దులేమా."

"సొంటి, మిరియాలు, తులసాకు. ఇంగేముంటాది దాంట్లో? నేనేమన్నా విషం కలిపినానా నీకి?"

"అట్ల కాదుమా. తర్వాత తాగుతాలే."

"తర్వాత అంటావు, గోడ అవతల పారబోస్తావు. నేను సూల్లేదనుకున్యావా? సీలున్న సీసా నీళ్ళు తాగి తాగి అమ్మ చెయ్యి చేదైపోయిందిలే దీనికి."

సువర్ణ గ్లాసు ఎత్తుకుని తానే గటగటా తాగేసింది. హాస్టల్‌లో ఒక పిల్ల జలుబు మందు తాగి నాలుగేళ్ళు పోగొట్టుకుంది. ఆ రోజు నుంచి కల్పన తన చేత్తో మూత విరిచిన సీసా తప్ప వేరేది ముట్టదు. సగం తాగి పక్కన పెట్టిన సీసా మళ్ళీ తీయదు. ఎడమకు చూసి కుడికి కొట్టటం, బలంగా ఊపి నెట్ పక్కన మెల్లగా జార్చటం, ఇదీ ఆమె పదేళ్ళ బతుకు. ఎదుటిమనిషిని మోసం చేస్తేనే పాయింటు. అటువంటి ఆట ఆడి ఆడి, ఇంట్లో కూర్చున్నా నమ్మటం చేతకాకుండా పోయింది.

వెనక గదిలోంచి తండ్రి వెంకటరాముడు వచ్చాడు. చొక్కా మీద పట్టు నూగు. కూతురి వైపు చూడకుండానే అడిగాడు.

"రాత్రయితే ఆ ఫోన్లో ఎవునికి రాస్తాంటావు పాపా? పొద్దున యాడుండేదీ, ఎంతసేపుండేదీ?"

"మా సార్‌కు నాయనా."

"కాలు కట్టుకోని మూలన కూసున్నదానికి సార్‌కు దినామూ చెప్పేదేముంటాది?"

"ఉంటాదిలే."

"ఉండనీ. ఆరయితానే కిటికీ కాడ కూసుంటావు. వచ్చేవాడెవుడో చెప్పు, నేనూ కూసుంటా."

సార్‌కు అన్న మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. వెంకటరాముడు వెనక గదిలోకి పోయి స్విచ్ వేశాడు.

ఆ ఇంట్లో కల్పన ఒక్కదాని దగ్గరే దాపరికం ఉందనుకుంటే తప్పు. ముందు గదిలో ఉన్నది గుంతలోకి కాళ్ళు దించి చేత్తో నేసే గుంతమగ్గం, వచ్చినవాళ్ళు చూసేందుకు. వెనక గదిలో కరెంటుతో నడిచే రెండు మరమగ్గాలు, బతికేందుకు. ఆ రకం అంచూ కొంగూ ఉన్న పట్టుచీర చేతిమగ్గం మీదే నేయాలని చట్టం. మరమగ్గం మీద దొరికితే మగ్గానికి సీలు, మనిషికి కేసు. కల్పన బయటి దేశాలు తిరగటం మొదలుపెట్టిన ఏడే ఆ రెండు మగ్గాలూ ఇంట్లోకి వచ్చాయి. ఎందుకు తెచ్చారని ఆమె అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

అందుకే ఆ వీధికి ఒక అలవాటుంది. వీధి మొదట్లో హనుమంతమ్మ టీ బంకు. కొత్తమనిషి కనబడితే ఆమె ఏమీ అరవదు. రేకు షట్టర్ సగానికి దించుతుంది. అది చూసి మొదటి ఇంట్లో మగ్గం ఆగుతుంది. ఆ శబ్దం ఆగటం విని రెండో ఇంట్లో ఆగుతుంది. అట్లా చివరిదాకా. ఆపినవాళ్ళు బయట బీగం వేసి, బంకు దగ్గరకు పోయి, టీ తాగవచ్చిన వాళ్ళ మాదిరి నిలబడతారు. బీగం వేసిన ఇల్లు తెరవాలంటే మరమగ్గాలు పట్టుకోవటానికి వచ్చే చెకింగ్‌వాళ్ళకు ఇంకో కాగితం కావాలి. ఆ కాగితం వచ్చేలోపల మగ్గం ఇంకో ఇంట్లో ఉంటుంది.

ఆరు దాటి కాసేపయింది. షట్టర్ శబ్దం కిర్రుమంది.

వీధి పైనుంచి నిశ్శబ్దం ఇంటింటికీ దిగుతూ వచ్చింది. వెంకటరాముడు స్విచ్ ఆపి, మగ్గాల మీద దుప్పట్లు కప్పి, చేతిలో బీగంతో ముందుకు వచ్చాడు. సువర్ణ అప్పటికే పక్కింట్లోకి పోయింది.

"నువ్వు లోపలే ఉండు. గమ్మునుండు."

"నాయనా, బీగం వద్దు. ఈ ఒక్క దినం..."

"ఏం, ఎవురొస్తారు నీకి?"

కల్పన నోరు తెరిచేలోపల తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది. బీగం టక్కుమంది. ఆమె ఫోన్ తీసి తండ్రికి కొట్టింది. వెనక గదిలో, దుప్పటి కింద, మగ్గం మీద మోగింది ఆ ఫోన్.

కిటికీ రెక్క సందులోంచి చూసింది. బంకు దగ్గర ఇద్దరు. నడివయసు మగమనిషి భుజాన నల్లసంచి. పక్కన చీర కట్టుకున్న ఆడమనిషి. హనుమంతమ్మను ఏదో అడుగుతున్నారు. హనుమంతమ్మ చెయ్యి తిప్పుతోంది, తెలియదు, లేదు, పొండి అన్నట్టు. మాటలు వినబడలేదు.

పరీక్షవాళ్ళే అయితే ఆడపిల్ల దగ్గరకు ఆడమనిషి తప్పకుండా వస్తుంది. కానీ పోయినేడు చెకింగ్‌వాళ్ళు కూడా ఇట్లాగే వచ్చారు. మొగుడూ పెళ్ళాం మాదిరి సంచి వేసుకుని, పెళ్ళికి పట్టుచీరలు కావాలని. వీధి నమ్మింది. సాయంత్రానికి మూడిళ్ళలో సీళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి ఆ వీధిలో జంటగా వచ్చిన మనుషుల్ని చూస్తే ముసలివాళ్ళు కూడా అరుగు మీద నుంచి లేచిపోతారు.

ఇద్దరూ నంబర్లు చూసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ తలుపు ముందే ఆగారు.

"ఇదే మేడం. తాళం వేసి ఉంది."

"తట్టండి."

తట్టాడు. ఎవరైనా ఉన్నారా అన్నాడు. ఏం పనో చెప్పలేదు. పరీక్షవాళ్ళు పని ఏమిటో ఎవరికీ చెప్పరు. చెకింగ్‌వాళ్ళూ చెప్పరు.

ఎవరు మీరు అని అడగాలని కల్పన నాలుక దాకా వచ్చింది. అడిగితే ఆ ఒక్క మాటతోనే బీగం అబద్ధమని తేలిపోతుంది. వాళ్ళు చెకింగ్‌వాళ్ళయితే తండ్రి పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. అడగకపోతే, వాళ్ళు పరీక్షవాళ్ళయితే, మూడోది పడుతుంది. ఫోన్ చేస్తారేమోనని తన ఫోన్ వైపు చూసింది. చేయాలన్న రూలు లేదు. మొదటిసారీ చేయలేదు. దొడ్డిగోడ దూకుదామంటే ఆ మడమతో కాదు.

"వెయిట్ చేద్దాం," అంది ఆడమనిషి.

ఎదురింటి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. చెకింగ్‌వాళ్ళు కూడా ఇట్లాగే కూర్చుంటారు, మగ్గం మొదలయ్యేదాకా. కల్పన వాళ్ళ కళ్ళనే చూసింది. చెకింగ్‌వాళ్ళయితే చూపు ముందు కరెంటు మీటర్ మీదకు పోతుంది. వీళ్ళు మీటర్ వైపు చూడలేదు. చూడలేదు కాబట్టి కాదని అనుకోవటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చూడనట్టు చూడటం తనకు తెలియనిదా? దాంతోనే గదా ఇన్ని మ్యాచ్‌లు గెలిచింది.

బంకు దగ్గర వెంకటరాముడు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. టీ తాగటం లేదు. పక్కింటి మారుతి ఏదో చెబుతుంటే తలూపుతున్నాడు. కళ్ళు మాత్రం ఇంటి తలుపు మీదే ఉన్నాయి.

ఏడు కావస్తోంది. మగమనిషి వాచీ చూసుకున్నాడు. చూసి మళ్ళీ చూసుకున్నాడు. ఆడమనిషి సంచి జిప్పు తీసి నీళ్ళ సీసా ఒకటి బయటికి తీసింది. ఎండ ఇంకా ఎక్కలేదు గానీ పడమటి గాలికి గొంతు ఆరిపోతుంది. తాగుతుందనుకుంది కల్పన. తాగలేదు. సీసా మెడ దగ్గర బొటనవేలితో తడిమి, మూత సీలు చుట్టూ తిప్పి చూసి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టింది. తరువాత చేతిసంచిలోంచి సగం తాగిన వేరే సీసా తీసి రెండు గుక్కలు తాగింది.

ఆ బొటనవేలి తడుము కల్పనకు తెలుసు. అది తన తడుమే. సీలును అట్లా అనుమానంగా చూసేవాళ్ళు ఒకటే లోకంలో ఉంటారు. మగ్గాలు వెతికేవాళ్ళకు నీళ్ళ సీసా సీలుతో పనేంటి?

కిటికీ రెక్క ధడాలున తెరిచింది.

"నేను లోపలే ఉండా! కల్పనను నేనే! బయట బీగం పడిపోయింది!"

వీధి వీధంతా వింది. బంకు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి.

"పోవద్దు వెంకటరాముడన్నా," మారుతి చెయ్యి పట్టుకున్నాడు. "పిల్ల బెదిరి అరిచింటాది. నీకి తెలీనట్టు ఉండు."

"బీగం పడిపోయింది అంటాంది గదప్పా."

"పడనీ. తలుపు తీస్తే నీదొక్కటే కాదు, అందరివీ పోతాయి."

వెంకటరాముడు కూతురి మొహం చూశాడు. కిటికీ చువ్వల వెనక ఆ మొహం ఏడవటం లేదు. ఆడేటప్పుడు టీవీలో చూసిన మొహం. వెనకబడి ఉన్నప్పుడు అట్లా ఉంటుంది. గ్లాసు హనుమంతమ్మ బల్ల మీద పెట్టాడు. మొలతాడుకు కట్టిన బీగంచెవి తీసుకుంటూ, అందరూ చూస్తుండగా నడిచివచ్చి, తన ఇంటి బీగం తానే తీశాడు.

ఆడమనిషి చేతిసంచిలోంచి పరీక్షవాళ్ళ కార్డు తీసి చూపించింది. పేరు అడిగింది. టైం చూసి రాసుకుంది. ఏడు కాలేదు.

దొడ్లోకి పోవాలంటే వెనక గది దాటాలి. మనిషి కళ్ళ ముందే సీసా నిండాలి కాబట్టి ఆడమనిషి కల్పన వెంటే నడిచింది. దుప్పట్ల కింద రెండు మరమగ్గాలు, దాచినా దాగని పొడుగు. ఒకదాని మీద దుప్పటి జారి జరీ అంచు మెరుస్తోంది. ఆమె ఒక క్షణం ఆగి చూసింది. వెంకటరాముడు గోడకు ఆనుకున్నాడు.

"చీర బాగుంది," అంది ఆమె. అంతే. దాంట్లో ఏముందో ఎవరికీ అర్థం కాలేదు.

సీసాలకు సీళ్ళు వేసి, సంతకాలు పెట్టించుకుని వాళ్ళు పోయారు. వీధిలో మగ్గాలు మొదలు కాలేదు.

"ఏం పట్టుకపోయిరి?" అన్నాడు వెంకటరాముడు.

కల్పన అంతా చెప్పింది. రెండు తప్పుల సంగతి, ఆరింటి సంగతి, కషాయం సంగతి. సువర్ణ తలుపు దగ్గర నిలబడి విన్నది.

"మాకేల చెప్పలేదు?" అన్నాడు తండ్రి.

"మగ్గాల సంగతి మీరు నాకు చెప్పినారా?"

ఆయన చాలాసేపు పట్టు నూగు దులుపుకున్నాడు. "బయటోళ్ళకు మటుకు చెప్పొద్దు. నేను చూసుకుంటా."

చూసుకున్నది ఎట్లాగంటే, మారుతి వచ్చి ఎవరన్నా వాళ్ళు అని అడిగితే, పాపకు సంబంధం చూసేకొచ్చినారు అన్నాడు.

"ఆరింటికా? నల్లసంచి ఏసుకోనా?" వెనకే వచ్చిన హనుమంతమ్మ మెటికలు విరిచింది. "దొడ్లోకి గూడా ఎనకంటే పోయిందంట పెండ్లికొడుకు తరపామె. నీళ్ళు సరిగా పోసుకుంటాందా లేదా అని చూసేకా?"

ఎవరూ నవ్వలేదు. మారుతి వెనక గది వైపు తొంగి చూశాడు. చెకింగ్‌వాళ్ళని తాను అనుకున్నవాళ్ళు నడిచిపోయిన దారిలో మగ్గాలకు సీలు లేదు. అదెట్లాగని, వెంకటరాముడు వాళ్ళతో కలిసిపోయాడా అని అతని కళ్ళు అడిగాయి. నోరు అడగలేదు.

కల్పన ముందుకు వచ్చింది. "హనుమంతక్కా, వాళ్ళు నాకోసం..."

"నువ్వు లోపలికి పో పాపా," అన్నాడు తండ్రి. అంత గట్టిగా ఆయన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం వెంకటరాముడు స్క్రూడ్రైవర్ తీసుకుని బయటి గొళ్ళెం విప్పేశాడు. తలుపు చెక్క మీద నాలుగు చిల్లులు మిగిలాయి.

మరునాడు పొద్దున ఆరింటికి కల్పన కిటికీ దగ్గర కాదు, తెరిచిన తలుపు దగ్గర కూర్చుంది. సువర్ణ ఒక నీళ్ళ సీసా తెచ్చి, సీలు విరవకుండా పక్కన పెట్టి పోయింది. వెంకటరాముడు టీకి బయలుదేరాడు. వీధంతా మగ్గాలు టకటకమంటున్నాయి. ఆయన బంకు దగ్గరకు చేరుతుండగా షట్టర్ కిర్రుమని సగానికి దిగింది.

మొదటి ఇంట్లో మగ్గం ఆగింది. తరువాత రెండో ఇంట్లో. కొత్తమనిషి ఎవరూ వీధిలో లేరు.

వెంకటరాముడు సగం షట్టర్ ముందు కొంచెంసేపు నిలబడ్డాడు. టీ అడగలేదు. వెనక్కి తిరిగి, మూసుకుంటున్న తలుపుల మధ్య నుంచి నడిచివచ్చి, కూతుర్ని దాటి లోపలికి పోయి, ముందు గదిలోని గుంతమగ్గంలోకి కాళ్ళు దించాడు. దుమ్ము దులిపి కాలికింది పలక తొక్కాడు.

ఆ పొద్దున ఆ వీధిలో మోగింది ఆ ఒక్క చేతిమగ్గమే. కల్పన వీధి మొదటి వైపు చూస్తూ, ఏడు ఎప్పుడవుతుందా అని కూర్చుంది.