నాలుగో చక్రం

సరుకుల బండికి గాలి పడుతున్న గాలక్క, లోపలికి పోయే గాలి చప్పుడు మారగానే మీటరు చూడకుండానే పైపు లాగేసింది. వాల్వుకు మూత బిగించి, వేలిని ఉమ్మితో తడిపి దాని మీద ఆనించింది. బుడగ రాలేదు. బండిని పొమ్మన్నట్టు తల ఊపింది.

టైర్ల షాపు ముందు భాగంలో గాలి పైపు, వెనక భాగంలో టైర్లు విప్పే మిషను ఉండేవి. మధ్యలో ఉన్నది నాలుగంగల దూరమే. మొగుడు పోయాక ఊడ్చే పనికి వచ్చి, ఆనక గాలి పట్టే పనికి ఎక్కిన మనిషికి ఆ నాలుగంగలు దాటే రాత ఇన్నేళ్లూ రాలేదు. మిషను మేస్త్రిది. దాని మీద చెయ్యి వేస్తే అతను కస్సుమనేవాడు. ఆమె గాలి పైపు దగ్గరికి తిరిగొచ్చేది. ఆ పైపు పనితోనే చెల్లెల్ని నర్సు చదువు చదివించింది. మేస్త్రి భోజనానికి వెళ్లినప్పుడల్లా పాత చక్రాలు తెచ్చి ఎక్కించి విప్పేది, విప్పి ఎక్కించేది. ఓనరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ రోజు ఆమెకు ఆ షాపులో ఆఖరి రోజు. పెద్ద రోడ్డు పక్కన, చెల్లెలి ఇంటి దగ్గర ఒక షెడ్డు అద్దెకు తీసుకుంది. ఆ సంగతి విన్నప్పుడు ఓనరు పకపకా నవ్వాడు.

"గాలిలో మేడలు కడుతున్నావు, గాలక్కా. నిన్ను నమ్మి చక్రం విప్పనిచ్చేదెవరు?"

"నాకు తెలిసింది గాలే కదండీ. మేడైనా అందులోనే కట్టుకోవాలి," అందామె.

పొద్దెక్కుతుండగా ఒక టాక్సీ వచ్చి ఆగింది. డిక్కీలోనూ వెనక సీట్లోనూ కొత్త టైర్లున్న నాలుగు చక్రాలు కుక్కి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కుని డ్రైవరు తల్లి కూర్చుని ఉంది. పాత చక్రాల్లో ఉన్న గాలి సెన్సర్లు తీసి కొత్తవాటికి మార్చాలని, మధ్యాహ్నానికల్లా కొండదారి ఎక్కాలని డ్రైవరు చెప్పాడు. గాలి తక్కువైందని చెప్పే పసుపు దీపం సరిగ్గా పనిచేయకుండా ఆ మలుపుల్లో తల్లిని తీసుకెళ్లనన్నాడు. మేస్త్రేమో నడుం పట్టేసి ఆ రోజు రాలేదు. ఓనరు పక్కవీధి షాపు పేరు చెప్పబోయాడు.

"నేను చేస్తానండీ," అంది గాలక్క.

"సెన్సరు విరిగితే?"

"విరిగితే నా షెడ్డు తలుపు తియ్యను."

ఓనరు వెళ్లి మిషను స్విచ్చి వేశాడు.

ఆమె కారు నుంచి మొదటి పాత చక్రం దింపి గాలి వదిలింది. సెన్సరు వాల్వుకు అంటుకుని లోపల చీకట్లో కూర్చుని ఉంటుంది. మిషను కోర ఆ పక్క పడితే పుటుక్కుమంటుంది. అందుకే వాల్వును దూరంగా తిప్పి, అవతలి వైపు నుంచి టైరు అంచు లేపింది. నల్లటి, అగ్గిపెట్టెంత డబ్బా బయటపడింది. దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని మట్టి తుడిచింది. కొత్త చక్రం టైరు అంచూ అలాగే లేపి, సెన్సరుకు కొత్త రబ్బరు వేసి ఆ రిమ్ముకు కూర్చి, మెల్లగా బిగించింది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ ముగించి కారుకు ఎక్కించేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్కటీ విరగలేదు.

అక్కడితో అయిపోలేదు. ఏ చక్రం ఎక్కడుందో కారుకు చెప్పాలి. డ్రైవరు తాళంచెవి మీది రెండు మీటలూ కలిపి నొక్కి పట్టుకున్నాడు. ఇక ఒక్కో చక్రంలో కాస్త గాలి వదులుతూ పోతే, దాని సెన్సరును గుర్తుపట్టిన కారు హారను కొడుతుంది. బతుకంతా గాలి పట్టిన మనిషి, గాలి తీయడానికి కూర్చుంది. ఎడమ ముందుది పలికింది. కుడి ముందుది పలికింది. కుడి వెనకది కూడా పలికింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

నాలుగోది పలకలేదు. టైరు సగం కుంగిపోయినా కారు మూగగానే ఉంది.

"చెడగొట్టావా?" అన్నాడు ఓనరు.

గాలక్క కళ్లు మూసుకుని, తాను చేసినదంతా మొదటి నుంచి మనసులో మళ్లీ చేసుకుంది. ఎక్కడా తప్పు దొరకలేదు. అప్పుడు కళ్లు తెరిచింది.

"నా చెయ్యి తప్పలేదండీ. దీని బ్యాటరీ చచ్చింది. లోపల మూసేసి ఉంటుంది కాబట్టి మార్చలేం. బీరువాలో కొత్తది ఉంది, ఇప్పిస్తారా?"

ఓనరు తటపటాయించాడు. కారు పక్కన స్టూలు మీద కూర్చున్న డ్రైవరు ముసలి తల్లి నోరు విప్పింది.

"ఇవ్వు నాయనా. వంట చేసేటప్పుడు నా చెయ్యి ఎలా ఉంటుందో, పనిలో ఈ పిల్ల చెయ్యి అలాగే ఉంది. పొద్దుట్నుంచీ చూస్తున్నా."

ఓనరు తనే వెళ్లి కొత్త సెన్సరు తెచ్చాడు. గాలక్క చక్రం మళ్లీ విప్పింది, మళ్లీ ఎక్కించింది, అన్నిటికీ గాలి సరిచేసింది. మళ్లీ మొదటి చక్రం నుంచి మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో వాల్వు మీద వేలు పెట్టగానే బుస్సుమని గాలి వచ్చింది. వెంటనే హారను వీధంతా మోగింది. ముసలామె చప్పట్లు కొట్టింది. చూస్తున్నవాళ్లూ కొట్టారు. గాలక్క లేవకుండా అలాగే కూర్చుని నవ్వింది. ఆ షాపులో ఆమె పళ్లు కనిపించేలా నవ్వడం అదే మొదలు.

తగ్గిన గాలి మళ్లీ నింపాక, ఓనరు స్వయంగా కారెక్కి డ్రైవరుతో ఊరు చుట్టి వచ్చాడు. దిగుతూనే, "దీపం ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు," అన్నాడు. కారు తలుపు వేసి, "బోర్డు మీద ఏం రాయిస్తున్నావు?" అని అడిగాడు.

"టైర్లు, సెన్సర్లు అని. పెద్దక్షరాలతో," అంది.

డ్రైవరు వారంవారం తిరిగేది ఆ పెద్ద రోడ్డు మీదే. షెడ్డు దగ్గర దింపుతానని, ఇకమీద తన బండి అక్కడే ఆగుతుందని చెప్పాడు. గాలక్క చేతులు కడుక్కుని, సంచీ తీసుకుని, ముందు సీట్లో కూర్చుంది. చెయ్యి ఊపలేదు. కారు మలుపు తిరిగిపోయింది.

ఓనరు మిషను కట్టేసి వెనక్కి తిరిగాడు. గాలి పైపు కింద నేల మీద ఒక గోనెపట్టా మడత పరిచి ఉంది, ఆమె మోకాళ్లు ఆని ఆని పడ్డ రెండు గుంటలతో.